మీరు అడగండి: ఊరి సర్వే వల్ల పిల్లలకి ఒరిగేదేంటి?

ప్రశ్న: మాది విడవలూరు దగ్గర పల్లె. మూడెకరాల్లో రొయ్యలు వేస్తాను. అమెరికా సుంకాల దెబ్బకి మొన్నటి పంటలో పెట్టుబడి కూడా రాలేదు. మా పాప నెల్లూరులో బీకాం చదువుతోంది. ఫస్టియర్ అవగానే ఊళ్ళో సర్వే చేయాలి, 180 గంటలు అని కాలేజీ వాళ్ళు పంపించారు. ఎండలో ఇంటింటికీ తిరిగి ఫారాలు నింపుతోంది. ఆ టైంలో కంప్యూటర్లో జమాఖర్చులు రాసే ట్యాలీ నేర్చుకున్నా నాలుగు డబ్బులొచ్చే పని దొరుకుతుంది కదా సార్? దీనివల్ల పిల్లకి ఒరిగేదేంటి? (ఒక రొయ్యల రైతు)

జవాబు: అన్నా, మీ బాధలో న్యాయముంది. చెరువు మీద అప్పు చేసి బిడ్డని చదివిస్తున్నారు, ఆమె చేతికి ఎప్పుడు అందొస్తుందా అని చూడటంలో తప్పేమీ లేదు. ట్యాలీ నేర్పించండి. సాయంత్రం పూట వెళ్తే కొన్ని నెలల్లో వచ్చేస్తుంది. కానీ ఆ 180 గంటల్ని దండగ ఖాతాలో వేయకండి.

ఇది మీ కాలేజీ ఒక్కటే పెట్టిన పని కాదు. 2020-21లో మన రాష్ట్రంలో డిగ్రీ సిలబస్ మార్చినప్పుడు ఉన్నత విద్యామండలి కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్ట్ అని దీన్ని చదువులో భాగం చేసింది. దీనికి క్రెడిట్లు కూడా ఉన్నాయి. అంతకుముందు ఇలాంటి పనంటే 1969లో మొదలైన జాతీయ సేవా పథకం, అదే ఎన్ఎస్ఎస్సే, రెండేళ్ళలో 240 గంటలు, అదీ ఇష్టమున్నవాళ్ళకే. ఇప్పుడు ప్రతి పిల్లా ఊళ్ళోకి రావాలి. వచ్చాక ఏం చేస్తున్నారన్నదే అసలు సంగతి, అక్కడ మాత్రం చాలా చోట్ల మీరన్నట్టే జరుగుతోంది. ఫారాలు నింపడం, నాలుగు ఫొటోలు దిగడం, రిపోర్టు బైండింగ్ చేయించడం, అంతే. నాకూ అదే బాధ.

మీ సంగతికే వస్తాను. 2025 ఆగస్టు 27న అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచింది. మన రొయ్యలకి అతిపెద్ద మార్కెట్ అదే, రొయ్యలు ఎక్కువ పండించేదేమో మన రాష్ట్రం. మీ చెరువు గట్టు మీదికి ఈ కబురు ఎట్టా వచ్చింది? ఏజెంటు ఫోన్ చేసి రేటు పడిపోయింది, ఇస్తే ఇవ్వండి లేకపోతే లేదు అని ఉంటాడు. ఏ కౌంటుకి (కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయో ఆ లెక్క) ఎంత తగ్గింది, పక్క ఊళ్ళోనూ అంతే కోశారా, పైన మళ్ళీ కాస్త కోలుకున్నప్పుడు ఇక్కడ ఎన్నాళ్ళకి పెంచారు అని అడుగుదామంటే మీ చేతిలో కాగితం ముక్క లేదు. ఏ ఒక్క రైతు దగ్గరా ఉండదు, చెరువులో రొయ్యలు పట్టే పట్టుబడి రోజు ఆ హడావుడిలో ఎవరు రాసుకుంటారు?

మీ పాప బీకాం పిల్ల కదా. ఆమెకి ఒక లాంగ్ నోట్‌బుక్ కొనివ్వండి. పేజీకి అడ్డంగా గళ్ళు కొట్టుకోమనండి: పట్టుబడి తేదీ, కౌంట్, కిలో రేటు, ఎన్ని టన్నులు, సీడ్ (రొయ్య పిల్లల) ఖర్చు, మేత బాకీ, దాని మీద వడ్డీ, కరెంటు బిల్లు, డబ్బు చేతికొచ్చిన తేదీ. ఆఖరి గడి మర్చిపోవద్దు, చాలామంది రైతుల నడుం విరిగేది అక్కడే. రైతుల పేర్లు రాయక్కర్లేదు, ఒకటి, రెండు అని నంబర్లు చాలు, అప్పుడే నిజం చెప్తారు. ఇరవై చెరువుల లెక్క ఇట్టా కూర్చితే మీ ఊరి మొత్తం రొయ్యల సంగతి ఒకచోట కనిపిస్తుంది. ఆ నోట్‌బుక్ పట్టుకుని మీరు పదిమంది కలిసి మత్స్యశాఖ ఆఫీసుకి వెళ్ళి చూడండి, మీ మాట వినే తీరే వేరుగా ఉంటుంది. రేపు పాప ఉద్యోగానికి ఇంటర్వ్యూకి వెళ్తే డిగ్రీలో ఏం చేశావమ్మా అని అడుగుతారు. ఇరవై చెరువుల జమాఖర్చు తీశానండీ అని ఆ పిల్ల చెప్పుకోగలదు. ఒట్టి ట్యాలీ సర్టిఫికెట్ చేతిలో పెట్టుకుని అంత ధీమాగా మాట్లాడలేదు.

చదువుకీ ఊరి బాగుకీ సంబంధమేంటి అనేవాళ్ళకి మన జిల్లాలోనే జవాబుంది. 1990ల మొదట్లో సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం నెల్లూరు జిల్లా పల్లెపల్లెకీ పోయింది. రాత్రిపూట బడి, కూలికి పోయొచ్చిన ఆడవాళ్ళు పలకలు పట్టుకుని కూర్చునేవాళ్ళు. వాచకంలో సారా వల్ల చెడిన సంసారం గురించి పాఠం వచ్చింది, అది చదివి వాళ్ళు మాట్లాడుకున్నారు. కలిగిరి మండలం దూబగుంటలో ఆడవాళ్ళు సారా కొట్టు మూయించారు, ఆ కబురు ఊరూరికీ పాకింది, వాళ్ళని ముందుండి నడిపిన వర్ధినేని రోశమ్మ పేరు రాష్ట్రమంతా వినిపించింది. సారా వేలంపాటలు జరగనివ్వలేదు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం అమల్లోకి వచ్చింది. అక్కడ ఎవరూ పౌరసత్వం గురించి ఉపన్యాసం ఇవ్వలేదన్నా. అక్షరం వచ్చింది, దాంతోపాటు పదిమంది కూర్చుని మాట్లాడుకునే చోటు దొరికింది, కూలి డబ్బు ఎటు పోతోందో లెక్క తేలింది. మీ పాప కాలేజీలో మొదటిది ఎలాగూ ఉంది. మిగతా రెండూ ఆ నోట్‌బుక్‌తో రావాలని నా ఆశ.

ప్రశ్న: సార్, మాది కనిగిరి వైపు. బీఎస్సీ కెమిస్ట్రీ. మా క్లాసులో అందరూ సీనియర్ల రిపోర్టునే పేర్లు మార్చి పెడుతున్నారు. నాకు అట్లా చేయబుద్ధి కాలేదు. మా ఊళ్ళో ఫ్లోరైడ్ నీళ్ళు, మా నాయనమ్మ నడుం వంగిపోయింది. దాని మీద ఏదైనా చేయాలని ఉంది, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియట్లేదు. (ఒక విద్యార్థి)

జవాబు: నాయనా, నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. కనిగిరి ప్రాంతంలో ఫ్లోరైడ్ గురించి ఎన్ని ప్రభుత్వాలు మారినా వింటూనే ఉన్నాం. నువ్వు సమస్య మొత్తాన్నీ నెత్తికెత్తుకోవద్దు. మీ ఊళ్ళో జనం నిజంగా వాడే బోర్లు ఎన్నో లెక్కపెట్టు, ఆరో ఏడో ఉంటాయేమో. ఒక్కోదాని నీళ్ళు శుభ్రమైన ప్లాస్టిక్ సీసాలో పట్టి, సీసా మీద తేదీ, బోరు ఉన్న వీధి పేరు రాయి. గ్రామీణ నీటి సరఫరా విభాగానికి ల్యాబులు ఉంటాయి, మీ లెక్చరర్ చేత లెటర్ రాయించుకుని అక్కడికి తీసుకుపో. లీటరుకి 1 మిల్లీగ్రాము దాకా ఫర్వాలేదు, వేరే దారి లేనిచోట 1.5 దాకా ఒప్పుకుంటారు, ఇవి మన దేశ తాగునీటి ప్రమాణాలు. కెమిస్ట్రీ చదివేవాడివి, ఆ అంకె అర్థమేమిటో ఊరివాళ్ళకి నీకంటే బాగా ఎవరు చెప్తారు?

రెండోది, సమాచార హక్కు దరఖాస్తు. 2005 చట్టం. మన రాష్ట్రంలో గ్రామస్థాయి ఆఫీసులో ఫీజు లేదు, మండలంలో 5 రూపాయలు, ఆపైన 10. ఇక్కడ పిల్లలు ఒక పొరపాటు చేస్తారు: మా ఊరికి మంచినీళ్ళు ఎందుకు ఇవ్వడం లేదు అని రాస్తారు. అట్లా రాయకు, నిలదీస్తే జవాబు రాదు, రికార్డు అడుగు. "ఫలానా గ్రామంలోని తాగునీటి బోర్లకు గత రెండేళ్ళలో చేసిన పరీక్షల ఫలితాల నకళ్ళు, తేదీలతో సహా ఇవ్వగలరు." ఇంతే. 30 రోజుల్లో ఇవ్వాలి, ఇవ్వకపోతే పై అధికారికి అప్పీలు. రసీదు మాత్రం జాగ్రత్త.

డబ్బు లెక్క కూడా తియ్యి. 20 లీటర్ల క్యాన్ పది రూపాయలనుకుంటే, రోజుకి రెండు క్యాన్లు కొనే ఇంటికి నెలకి 600. కూలి పని దొరకని నెలల్లో ఆ ఇల్లు ఏ నీళ్ళు తాగుతోందో అడుగు, ఇంటికి వెళ్ళి వంటగదిలో బిందె చూసి అడుగు. ఈ ఒక్క సంగతి ఏ సీనియర్ రిపోర్టులోనూ ఉండదు. మీ నాయనమ్మ గురించీ రాయి, ఆమె ఒప్పుకుంటేనే.

ప్రశ్న: హాస్టల్లో ఉంటున్నాం, ఒంగోలు. ఓటు గురించి మాట్లాడితే చదువుకోడానికి వచ్చారా రాజకీయాలకా అంటున్నారు. మేము చేస్తున్నది తప్పా? (ఇద్దరు స్నేహితులు)

జవాబు: తప్పు కాదమ్మా. 1989లో ఓటు వయసు 21 నుంచి 18కి తగ్గించింది మీ ఈడు వాళ్ళ కోసమే. పార్టీ జెండా మోయడం వేరు, ఓటర్ల జాబితాలో పేరు ఉందో లేదో చూసుకోవడం వేరు. 17 నిండితే ముందుగానే ఓటరుగా పేరు నమోదుకి ఫారం 6 నింపొచ్చు. ముందు మీ ఇద్దరూ నింపండి, తర్వాత మీ ఫ్లోర్‌లో మిగతావాళ్ళ చేత నింపించండి.

ప్రశ్న: ఒక డిగ్రీ కాలేజీలో లెక్చరర్‌ని. ఎనభైమంది పిల్లల ప్రాజెక్టులు నేనొక్కణ్ణే దిద్దాలి. అన్నీ ఒకేలా ఉంటాయి. ఏం చేయమంటారు?

జవాబు: మాస్టారూ, తప్పు మీది కాదు, కానీ మీ చేతిలో ఒకటుంది. రిపోర్టు ఎన్ని పేజీలుందో చూడటం మానేసి, పిల్లల్ని ఎనిమిదేసి మందిగా పది ఊళ్ళకి పంపండి, ఒక్కో ఊరికి ఒక్కటే ప్రశ్న. చీమకుర్తి వైపు వాళ్ళు క్వారీ కూలీల్లో ఎంతమందికి రాతపూర్వకంగా నియామక పత్రం ఉందో అడగొచ్చు, 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కొత్త లేబర్ కోడ్‌ల (కార్మిక చట్టాల) ప్రకారం అది ఇవ్వాలి. పొగాకు పండే ఊళ్ళలో వేలం రేట్లు రాయించండి. తర్వాత మార్కుల్లో కొంత వాటా, తెలుసుకున్నది ఆ ఊరి జనం ముందు నిలబడి చెప్పినందుకు పెట్టండి. 2024 ఆగస్టు 23న మన రాష్ట్రంలో 13,326 పంచాయతీల్లో ఒకే రోజు గ్రామసభలు జరిగాయి, వాటిలో మీ పిల్లలు ఎంతమంది కూర్చున్నారు? ఈసారి సభ తేదీ పంచాయతీ కార్యదర్శిని ముందే అడిగి, ప్రాజెక్టు గడువు ఆ తర్వాత వారానికి పెట్టుకోండి. జనం వేసే ప్రశ్నలకి కాపీ కొట్టిన రిపోర్టు నిలబడదు కాబట్టి మీకు దిద్దే పని కూడా సగం తగ్గుతుంది.