గోల్ఫ్ గ్రీన్స్ పసుపు పడి పల్చబడుతున్నాయి, మందులు కొట్టినా ఆగట్లేదు

ప్రశ్న: సార్, హైదరాబాద్ శివార్లలో ఒక గోల్ఫ్ కోర్సులో గ్రీన్స్ (బాల్ పడే గుంత చుట్టూ పొట్టిగా కోసే గడ్డి) చూసుకుంటున్నా. గడ్డి టిఫ్‌డ్వార్ఫ్ బెర్ముడా (గరిక జాతి), ఒక్కో గ్రీన్ దాదాపు 500 చదరపు మీటర్లు. రోజూ 3 మి.మీ. ఎత్తులో కోస్తున్నాం. ఎండాకాలంలో పైన రోబో సాండ్ పరిచాం. ఎస్‌టిపి నీళ్లు (శుద్ధి చేసిన మురుగునీళ్లు) టైమర్ మీద రోజూ పెడతాం. జూలై వానలప్పట్నుంచి పసుపు పడి పల్చబడుతోంది, మధ్యలో నాచు కూడా. డీలర్ ఫంగస్ అన్నాడు. కార్బెండజిమ్ రెండుసార్లు, నీటిలో కరిగే గంధకం ఒకసారి కొట్టాం, పచ్చదనం కోసం అమ్మోనియం సల్ఫేట్ వేశాం. తగ్గలేదు. కోసి చూస్తే రెండంగుళాల కింద నల్లటి చార ఉంది, కుళ్లిన గుడ్డు వాసన వస్తోంది. ఇంకేం మందు కొట్టాలి?

జవాబు: ఏ మందూ కొట్టొద్దు, ముందు ఆ స్ప్రేయర్ కడిగి లోపల పెట్టండి. జబ్బేంటో మీ ప్రశ్న చివర్లో మీరే రాశారు. నల్ల చార, గుడ్డు వాసన ఉన్నాయంటే అది బ్లాక్ లేయర్. వేర్ల దగ్గర గాలి ఆడక నీళ్లు నిలిచిపోతే అక్కడి బాక్టీరియా సల్ఫేట్‌ని హైడ్రోజన్ సల్ఫైడ్‌గా మారుస్తుంది, వేర్లు చచ్చేది దానివల్లే. కార్బెండజిమ్ దానికేం చేస్తది? పైగా గంధకం, అమ్మోనియం సల్ఫేట్ రెండూ ఆ బాక్టీరియాకి మేతే, డీలర్ మీ డబ్బులతో దాన్నే పెంచాడు. అతను గ్రీన్‌లో ఒక్క గుంట తీసి చూశాడా? చూసుంటే ఈ సలహా ఇచ్చేవాడు కాదు.

అసలు మూలం రోబో సాండ్ అని నా అనుమానం. అందులో క్రషర్ దుమ్ము ఎక్కువ, గ్రీన్ మీద పరిస్తే అది పొరలా గట్టిపడి నీళ్లు దిగనివ్వదు. కొంచెం ఇసక సీసాలో వేసి నీళ్లు పోసి బాగా ఊపి ఒక రోజు కదపకుండా ఉంచండి, పైన బురద పొర ఎంత మందం కడుతుందో చూస్తే మీకే అర్థమవుతది. గ్రీన్‌కి కావాల్సింది కడిగిన ఇసక, కనీసం 60 శాతం రేణువులు 0.25 నుంచి 1 మి.మీ. మధ్య ఉండాలి, బంకమట్టి 3 శాతం దాటకూడదు. ఒకసారి ఎంచుకున్నాక ప్రతిసారీ అదే ఇసక వాడాలి, చౌకగా దొరికిందని లోడు మారిస్తే మళ్లీ పొరలే.

ఈ వారమే టైమర్ ఆపేయండి. వానాకాలంలో రోజూ నీళ్లెందుకండీ, గడ్డి నీలంగా మారి, నడిస్తే అడుగు గుర్తు అలాగే నిలిచిపోయినప్పుడు పెడితే చాలు. కోత 5 మి.మీ.కి పెంచండి. టిఫ్‌డ్వార్ఫ్‌ని 3 మి.మీ.కి కోయడమే తప్పు, మబ్బు రోజుల్లో అయితే ఆకే మిగలదు, ఆటగాళ్లు బాల్ స్లోగా పోతోందని గొడవ చేస్తే చేయనివ్వండి. ఇప్పుడు 8 మి.మీ. సాలిడ్ టైన్లతో (మేకుల్లాంటి గట్టి ఇనుప కడ్డీలు) 12 సెం.మీ. లోతు గుచ్చండి, వానలు తగ్గేదాకా మూడు వారాలకోసారి. బురదగా ఉన్నప్పుడు మాత్రం మెషిన్ ఎక్కించొద్దు.

సెప్టెంబర్‌లో వాన తెరిపిచ్చినప్పుడు 12 మి.మీ. హాలో టైన్లతో (లోపల బోలుగా ఉండే గొట్టాలు) 5 సెం.మీ. దూరంలో, 10 సెం.మీ. లోతు కోర్లు (మట్టి ముక్కలు) తీయండి. నల్ల చార దాటి కిందికి పోవాలి, లేదంటే తీసినా దండగే. కోర్లు ఊడ్చేసి గుంతల నిండా ఎండిన ఇసక నింపండి, ఒక్కో గ్రీన్‌కి రెండున్నర క్యూబిక్ మీటర్ల దాకా పడుతుంది. అక్టోబర్ దాటితే చేయొద్దు, చలికి గడ్డి పెరగదు, గుంతలు పూడవు. మళ్లీ ఏప్రిల్-మే నెలల్లో ఇంకోసారి చేయాలి. మధ్యలో గడ్డి బాగా పెరిగే రోజుల్లో రెండు వారాలకోసారి అర మి.మీ. మందం ఇసక చల్లితే చాలు.

ఎరువు: అమ్మోనియం సల్ఫేట్, జిప్సం (కాల్షియం సల్ఫేట్), ఎస్‌ఓపి (సల్ఫేట్ ఆఫ్ పొటాష్) మూడూ ప్రస్తుతానికి బంద్. కాల్షియం నైట్రేట్ గ్రీన్‌కి 3.2 కిలోలు 200 లీటర్ల నీళ్లలో కలిపి పది రోజులకోసారి కొట్టి, వెంటనే తేలిగ్గా నీళ్లు చల్లండి. నెలకోసారి పొటాషియం నైట్రేట్ (13-0-45) 2 కిలోలు, అది విడిగా ఇవ్వాలి. గుంటలో వాసన పోయి తెల్ల వేర్లు కనపడ్డాకే డోసు పెంచే మాట. చెట్ల నీడ పడే గ్రీన్ ఏదైనా ఉంటే కొమ్మలు కొట్టించండి, గరిక జాతి నీడలో బతకదు.

ఇక మందు ఎప్పుడు కొట్టాలంటే, పొద్దున్నే మంచులో దూదిలాంటి తెల్లటి సాలెగూడు కనపడి, గడ్డి నూనె రాసినట్టు నల్లబడి జారుడుగా ఉంటే అది పితియం అనే కుళ్లు తెగులు, అప్పుడు మెటలాక్సిల్ 8 + మాంకోజెబ్ 64 శాతం మందు లీటర్‌కి 2 గ్రాములు. కార్బెండజిమ్ దాని మీద అసలు పనిచేయదు. అలాంటి లక్షణం లేకుండా "ముందు జాగ్రత్తగా" కొట్టే ప్రతి స్ప్రే మీ డబ్బు, మీ కుర్రాళ్ల ఊపిరితిత్తులు పాడుచేయడమే, ఇది పత్తి రైతులకి చెప్పీ చెప్పీ అలసిపోయా, ఇప్పుడు గోల్ఫ్ వాళ్లకీ చెప్పాల్సొస్తోంది.

ఎస్‌టిపి నీళ్లు లీటరు సీసాలో పట్టి ల్యాబ్‌లో ఇవ్వండి. పిహెచ్, ఇసి (నీళ్లలో ఉప్పు ఎంతుందో చెప్పే కొలత), సోడియం, బైకార్బనేట్, సల్ఫేట్ అన్నీ అడిగి మరీ చేయించండి, పిహెచ్ ఒక్కటి రాసిచ్చే పేపర్ నాకొద్దు. మట్టి కూడా బాగున్న గ్రీన్‌ది ఒకటి, పాడైనదానిది ఒకటి, 10 సెం.మీ. లోతు దాకా తీసి పరీక్షకి పంపండి. ఆ రెండు రిపోర్టులు వచ్చాక మళ్లీ రాయండి, అప్పుడు పొటాష్ ఎంత, జిప్సం ఎప్పుడు అనేది చెప్తాను.