మా అత్తయ్యకు డిమెన్షియా అని ఈమధ్యే తేలింది. ఇంట్లో మేం ఎలా మెలగాలి?

మా నాన్నకు ఇదే జబ్బు బయటపడి నాలుగేళ్లయింది. నేను డాక్టర్ని కాదు, మా ఇంట్లో జరిగింది చెబుతాను.

మొదట్లో మేం చేసిన పెద్ద తప్పు ఆయనకు పరీక్షలు పెట్టడం. "నేనెవరో చెప్పు బాబాయ్", "పొద్దున ఎవరొచ్చారో గుర్తుందా?" అని వచ్చినవాళ్లందరూ అడిగేవారు. అలా అడుగుతుంటే జ్ఞాపకం పదునెక్కుతుందని మా ఆశ. ఆయన మాత్రం ఎవరైనా వస్తే లేచి గదిలోకి వెళ్లిపోయేవారు. డిమెన్షియాలో ఎక్కువమందికి వచ్చే రకం ఆల్జీమర్స్. అందులో సాధారణంగా ముందు దెబ్బతినేది కొత్త విషయాలు మనసులో నిలుపుకునే శక్తే. పొద్దున జరిగింది లోపల నిలవనే లేదు, ఎంత గుచ్చి అడిగితే మాత్రం ఎక్కణ్నుంచి తెచ్చి చెబుతారు? ఇప్పుడు ఎవరొచ్చినా తామెవరో తామే ముందు చెప్పేస్తారు.

అడిగిందే అడుగుతుంటే "ఇందాకే చెప్పానుగా" అనకుండా ఉండటం నేర్చుకోవడానికి నాకు ఏడాది పట్టింది. ఇప్పటికీ ఒక్కోసారి నోరు జారుతుంది. నేనన్న మాట ఆయన మర్చిపోతారు, చిన్నబుచ్చుకున్న ముఖం మాత్రం చాలాసేపు అలాగే ఉంటుంది.

విటమిన్ బీ12, థైరాయిడ్ పరీక్షలు అయ్యాయా? కాకపోతే డాక్టర్ని అడగండి, ఆ లోపాలతోనూ మతిమరుపు వస్తుంది. వినికిడి కూడా చూపించండి. ఇంకోటి, ఉన్నట్టుండి ఒకట్రెండు రోజుల్లో మనిషి మారిపోతే జబ్బు ముదిరిందని ఊరుకోవద్దు. నాన్న ఒక రాత్రి గదిలో లేని మనుషులతో మాట్లాడటం మొదలుపెట్టారు. తీరా చూస్తే మూత్రంలో ఇన్‌ఫెక్షన్! మందులు వాడాక మునుపటి స్థితికి వచ్చారు.

బ్యాంకు, ఆస్తి కాగితాల పని ఇప్పుడే చూసుకోండి, ఆవిడనే కూర్చోబెట్టి అడిగి. ఇలాంటి సమయంలో డబ్బు ఊసేంటని మేం మొహమాటపడ్డాం. తర్వాత సంతకం కలవక ఎంత తిరిగామో! వైద్యం విషయంలో ఆవిడకేం కావాలో కూడా ఆవిడ నోటితోనే వినండి.

సాయంత్రమయ్యేసరికి కొందరిలో కంగారు పెరుగుతుంది. నాన్న సొంతింట్లోనే ఉండి "ఇంటికి వెళ్దాం పద" అంటారు. ఇదే మన ఇల్లని వాదించి గొడవలయ్యాయి. ఇప్పుడు వాదించను. ఇద్దరం చెప్పులేసుకుని వీధి చివరిదాకా నడిచి వెనక్కి తిరుగుతాం. గేటు కనపడగానే "హమ్మయ్య, వచ్చేశాం" అంటారు.