ముందు తల్లిని చూడండి

"అక్కా, గోల్డెన్ రిట్రీవర్ కుక్కపిల్లని తీసుకుందామనుకుంటున్నాం. మాల్‌లో ఒక షాపులో చూశాం, చాలా ముద్దుగా ఉంది. ఏకేసీ రిజిస్ట్రేషన్ పేపర్లు కూడా ఇస్తారట. తీసేసుకోవచ్చా?"

అమెరికా వచ్చి ఏడాదో రెండేళ్ళో గడిచి, ఇల్లు కాస్త కుదుటపడ్డ జంటలు నన్ను తరచూ అడిగే మాట ఇది. నేనిక్కడికి వచ్చి ఇరవై ఏళ్ళు దాటింది. ఈ ఇరవై ఏళ్ళలో మా ఇంట్లో రెండు గోల్డెన్లు పెరిగాయి. మొదటిదాన్ని ఏమీ తెలియకుండా కొన్నాం. రెండోదాన్ని ఏడాది పాటు వెతికి తెచ్చుకున్నాం. ఆ రెండు అనుభవాలూ చెప్తాను, మీకు పనికొస్తాయి.

మొదటి పిల్లని ఇంటర్నెట్‌లో ఫొటో చూసి ఖాయం చేసుకుని, హైవే పక్కన ఒక గ్యాస్ స్టేషన్ పార్కింగ్‌లో చేతికందుకున్నాం. తమ ఇల్లు చాలా దూరమని, మాకు శ్రమ తగ్గిద్దామని సగం దారి తానే వచ్చానన్నాడు అమ్మినాయన. చేతిలో నీలం ఫోల్డరు, అందులో రిజిస్ట్రేషన్ కాగితం. "పేపర్లు ఉన్నాయిగా, ఇంకేం టెన్షన్ లేదు" అన్నారు మావారు. నాకూ అలాగే అనిపించింది. పది నెలల వయసులో ఒకరోజు పెరట్లో పరిగెడుతుంటే గమనించాను, వెనక కాళ్ళు రెండూ కలిపి కుందేలులా గెంతుతోంది. ముచ్చటపడి వీడియో కూడా తీశాను. కొన్నాళ్ళకి మెట్లెక్కడం మానేసింది. కింద మెట్టు దగ్గర నిలబడి, ముందు కాలు ఒకటి పైన పెట్టి, నా మొహంలోకి చూసి, మళ్ళీ తీసేసేది. ఎక్స్‌రే తీశాక డాక్టరు తెర మీద చూపించారు. తొడ ఎముక తల లోతైన గిన్నెలో బంతిలా కూర్చోవాలి. మా పిల్లకి ఆ గిన్నెకి లోతే లేదు, ఎముక అంచు మీద ఆగి ఉంది. హిప్ డిస్ప్లేసియా అన్నారు. ఆపరేషన్ చేయించాం, పన్నెండేళ్ళు బతికింది. కానీ చలికాలంలో పొద్దున్నే లేవడానికి అది పడే అవస్థ ఇప్పటికీ నా కళ్ళ ముందే ఉంది.

నీలం ఫోల్డరులోని కాగితం నకిలీది కాదు, అసలైనదే. అందులో ఏముంటుందో, ఏముండదో మేం తెలుసుకోలేదు.

ఏకేసీ అంటే అమెరికన్ కెన్నెల్ క్లబ్, 1884లో మొదలైంది. అది చేసే ముఖ్యమైన పని జననాల లెక్క రాయడం. ఫలానా తల్లికీ ఫలానా తండ్రికీ ఫలానా రోజున పుట్టిన పిల్ల ఇది, రెండు వైపులా అదే జాతి అని చెప్తుంది. ఆ పిల్ల ఆరోగ్యంగా ఉందని గానీ, తల్లిదండ్రులకి పరీక్షలు చేయించారని గానీ ఆ కాగితం చెప్పదు. పేపర్లు ఉన్నంత మాత్రాన నాణ్యతకి హామీ కాదని ఏకేసీయే తన మాటగా చెప్తుంది. చాలామంది కొనేవాళ్ళు అంతదాకా చదవరు.

మరి పెడిగ్రీ, అంటే వంశవృక్షం కాగితం, అక్కర్లేదా అంటే, కావాలి. గొప్పకోసం కాదు, అందులో ఉన్న పేర్ల కోసం. ఆ పేర్లు చేతిలో ఉంటే మీరే స్వయంగా వెతికి చూసుకోవచ్చు.

1966లో మొదలైన ఓఎఫ్ఏ అనే సంస్థ ఉంది, పూర్తి పేరు ఆర్థోపెడిక్ ఫౌండేషన్ ఫర్ యానిమల్స్. కుక్కల తుంటి ఎక్స్‌రేలని నిపుణులకి చూపించి ఎక్సలెంట్, గుడ్, ఫెయిర్ అని గ్రేడ్లు ఇస్తుంది. బాగా లేనివాటికి బోర్డర్‌లైన్, మైల్డ్, మోడరేట్, సివియర్ అని ఇస్తుంది. తుంటికి తుది గ్రేడు కుక్కకి 24 నెలలు నిండాకే ఇస్తారు. ఇది గుర్తుంచుకోండి. ఏడాదిన్నర వయసు తల్లి ఈనిన పిల్లల్ని చూపించి "హిప్స్ క్లియర్" అంటే, ఆ తల్లికి తుది గ్రేడు వచ్చే వయసే రాలేదన్నమాట. ఓఎఫ్ఏ వెబ్‌సైటులో తల్లి రిజిస్టర్డ్ పేరో నంబరో కొడితే ఫలితాలు వస్తాయి, డబ్బు కట్టక్కర్లేదు. ఫోన్లో ఐదు నిమిషాల పని. అక్కడితో ఆగకుండా దాని అన్నదమ్ములూ అక్కచెల్లెళ్ళూ, అమ్మమ్మా తాతల ఫలితాలు కూడా చూడండి. హిప్ డిస్ప్లేసియా ఒక్క జన్యువుతో వచ్చేది కాదు, కుటుంబమంతా ఎలా ఉందన్నది ముఖ్యం. తల్లీ తండ్రీ ఇద్దరూ ఎక్సలెంట్ అయినా పిల్లకి రాదని ఎవరూ రాసివ్వలేరు, కానీ అవకాశం బాగా తగ్గుతుంది.

ఏ జాతికి ఏ పరీక్షలు చేయించాలో కూడా అక్కడే ఉంటుంది. గోల్డెన్లకైతే తుంటి, మోచేయి, గుండె, కళ్ళు. జాతి క్లబ్బు (ఒక్కో జాతి కుక్కలకి విడిగా ఉండే సంఘం) అడిగిన పరీక్షలన్నీ చేయించి ఫలితాలు బయటపెడితే చిక్ అనే నంబరు వస్తుంది. దాన్ని పాస్ సర్టిఫికెట్‌లా చూపించేవాళ్ళుంటారు. పరీక్షలు చేయించారని మాత్రమే దానర్థం, ఫలితాలు బాగున్నాయని కాదు. నంబరు చూసి ఊరుకోకుండా ఫలితాలు తెరిచి చదవండి.

కొన్ని జబ్బులు డీఎన్ఏ పరీక్షలో తేలిపోతాయి. ల్యాబ్రడార్లలో ఈఐసీ అనే సమస్య ఉంది, గట్టిగా ఆడి అలిసిన కుక్క వెనక కాళ్ళు పట్టు తప్పి కూలబడిపోతుంది. తల్లీ తండ్రీ పైకి బాగానే ఉండి ఇద్దరూ ఆ లోపాన్ని మోస్తుంటే, పుట్టే ప్రతి పిల్లకీ 25 శాతం ముప్పు. ఒకరు మోసినా రెండోవారు క్లియర్ అయితే ఏ పిల్లకీ జబ్బు రాదు. అందుకే "మా కుక్కలకి ఏ రోగమూ లేదు, చూడండి ఎంత హుషారుగా ఉన్నాయో" అన్న మాట చాలదు. పరీక్ష కాగితం అడగండి. అడిగినందుకు నొచ్చుకునే బ్రీడర్ (కుక్కల్ని ఈనించి పిల్లల్ని అమ్మేవాళ్ళు) దగ్గర కొనొద్దు.

శుద్ధమైన జాతి అన్న మాట దగ్గర కూడా కాస్త ఆగాలి. పెడిగ్రీలో ఒకే పేరు తల్లి వైపూ తండ్రి వైపూ మళ్ళీ మళ్ళీ కనిపిస్తే, దగ్గరి రక్తసంబంధంలో జత కట్టించారని అర్థం. సొంత తోబుట్టువులని జత చేస్తే పిల్లల్లో ఇన్‌బ్రీడింగ్ కొలత 25 శాతం, తల్లో తండ్రో ఒకరే అయిన తోబుట్టువులకి 12.5, తల్లిదండ్రుల్లో ఒక్కొక్కరు తోబుట్టువులైన కజిన్లకి 6.25. మంచి బ్రీడర్‌ని అడిగితే ఈ లెక్క దాచకుండా చెప్తారు.

డాల్మేషియన్ల కథ నాకు ఎప్పుడూ గుర్తొస్తుంది. యూరిక్ ఆమ్లం పేరుకుని మూత్రంలో రాళ్ళు కట్టే లోపం ఆ జాతి మొత్తానికీ ఉండేది. జాతి లోపల ఎంత వెతికినా ఆ లోపం లేని కుక్క దొరకని పరిస్థితి. 1973లో రాబర్ట్ షైబుల్ అనే జన్యుశాస్త్రవేత్త ఒక డాల్మేషియన్‌ని పాయింటర్ జాతి కుక్కతో ఒకే ఒక్కసారి జత కట్టించి, పుట్టిన సంతతిని తరతరాలుగా మళ్ళీ డాల్మేషియన్లతోనే కలుపుతూ వచ్చారు. చూడ్డానికి అచ్చం డాల్మేషియన్లే, ఆ లోపం మాత్రం పోయింది. వాటి సంతతికి ఏకేసీ పుస్తకంలో చోటు దక్కింది 2011లో. మధ్యలో అన్నేళ్ళూ వాటికి అడ్డొచ్చింది వంశశుద్ధే. దాని కోసం పట్టుబట్టే ముందు ఈ సంగతి తలచుకోండి.

ఇక "ఛాంపియన్ బ్లడ్‌లైన్" అన్న ప్రకటన. పెడిగ్రీలో పేరుకి ముందు సీహెచ్ అని ఉంటే ఆ కుక్క షోలలో ఛాంపియన్ అయిందని అర్థం. అది ఐదు తరాల వెనక ఒక్కచోటే ఉంటే మీ పిల్లకి ఒరిగేదేమీ లేదు. ఇంట్లో పెంచుకునే పిల్లకి బ్రీడర్లు సాధారణంగా లిమిటెడ్ రిజిస్ట్రేషన్ ఇస్తారు, అంటే దాని పిల్లల్ని ఏకేసీలో నమోదు చేయించలేరు. దీనికి నొచ్చుకోకండి, అది జాగ్రత్తపరుడైన బ్రీడర్ లక్షణం. రేర్ కలర్ అని ఎక్కువ అడిగితే మాత్రం వెనక్కి తగ్గండి. మెర్ల్ రంగు (లేత రంగు మీద ముదురు మచ్చలు) ఉన్న రెండు కుక్కల్ని జత చేస్తే, ఆ జన్యువు రెండు వైపుల నుంచీ అందుకున్న పిల్లల్లో చెవుడు, గుడ్డితనం రావడం బాగా తెలిసిన విషయమే.

ఇప్పుడు ఎక్కడ కొనాలన్నది. పెట్ షాపులో వద్దు, ఇందులో నాకు రెండో మాట లేదు. పేరున్న జాతి క్లబ్బులు చాలావరకు తమ సభ్యుల్ని షాపులకి అమ్మనివ్వవు. కాబట్టి షాపులో కనిపించే పిల్ల ఎక్కడిదో ఆలోచించండి. "యూఎస్‌డీఏ (అమెరికా వ్యవసాయ శాఖ) లైసెన్స్ ఉన్న బ్రీడర్" అని షాపువాళ్ళు గొప్పగా చెప్తారు. 1966 నాటి జంతు సంక్షేమ చట్టం కింద ఇచ్చే లైసెన్సు అది. ఆ నియమాల్లో బోను కొలత చూడండి. ముక్కు కొస నుంచి తోక మొదలు దాకా కొలిచి, దానికి ఆరంగుళాలు కలిపి, పొడవూ వెడల్పూ అంత ఉంటే చాలు. 30 అంగుళాల కుక్కకి 36 అంగుళాల చదరం. తల పైన ఇంకో ఆరంగుళాలు. మీ ఇంటికొచ్చే పిల్ల తల్లి తన జీవితంలో ఎక్కువ భాగం అలాంటి బోనులోనే గడిపినా లైసెన్సుకి భంగం లేదు. కాలిఫోర్నియాలో 2019 జనవరి నుంచీ, న్యూయార్క్‌లో 2024 డిసెంబరు నుంచీ షాపుల్లో ఇలాంటి పిల్లల అమ్మకాన్ని ఆపేశారు. మీ రాష్ట్రంలో ఆపలేదంటే అది మంచిదని కాదు.

షాపులో నెలవారీ వాయిదాలు అని సంతకం పెట్టమంటే ఆ కాగితం పూర్తిగా చదవండి. కొన్నిచోట్ల అది అప్పు కాదు, లీజు. వాయిదాలు అయ్యేదాకా కుక్క మీది కాదు. ఇక్కడ క్రెడిట్ హిస్టరీ ఇంకా ఏర్పడని కొత్తవాళ్ళే ఇందులో ఎక్కువ చిక్కుకుంటారు.

ఇంటర్నెట్‌లో చూసి ముందే డబ్బు పంపడం అంతకన్నా ప్రమాదం. ముందు అడ్వాన్సు, తర్వాత ప్రయాణానికి బోను, తర్వాత ఇన్సూరెన్స్, తర్వాత టీకా అంటూ గిఫ్ట్ కార్డులు అడుగుతారు. చివరికి కుక్కే లేదని తెలుస్తుంది. ఫొటోని ఇమేజ్ సెర్చ్‌లో పెట్టి చూడండి, అదే పిల్ల వేరే పేర్లతో నాలుగు చోట్ల కనబడొచ్చు.

మేం రెండోసారి జాతి క్లబ్బు ద్వారా వెళ్ళాం. గోల్డెన్లకి 1938 నుంచీ జాతీయ క్లబ్బు ఉంది, బ్రీడర్ల సమాచారం అక్కడ దొరుకుతుంది. మాకు దొరికినావిడ ఫోన్లో ముప్పావుగంట మమ్మల్నే ప్రశ్నించింది. ఇల్లు ఎన్ని గంటలు ఖాళీగా ఉంటుంది, పిల్లలెంతవాళ్ళు, ఊరికి వెళ్తే కుక్కని ఎవరు చూస్తారు అని. కుక్కపిల్లలు పుట్టాక ఇంటికి రమ్మంది. వంటగది పక్కనే చెక్కపెట్టెలో తొమ్మిది పిల్లలు ఒకదానిమీదొకటి పడి నిద్రపోతున్నాయి. తల్లి లేచొచ్చి, నా చేయి వాసన చూసి, మోకాలికి ఆనుకుని కాసేపు నిలబడి, మళ్ళీ పిల్లల దగ్గరికి పోయింది. భయం లేదు, కోపం లేదు. తల్లి స్వభావం అలా ఉంటే పిల్లల మీద సగం నమ్మకం అప్పుడే కుదురుతుంది. తండ్రి కుక్క అక్కడ ఉండకపోవడం మామూలే, వేరే రాష్ట్రం నుంచి ఎంచుకుని ఉండొచ్చు. తల్లిని చూపించకపోతే మాత్రం వెనక్కొచ్చేయండి. ఎనిమిది వారాలు నిండకుండా పిల్లని ఇస్తామన్నా ఒప్పుకోకండి. ఏ వయసులోనైనా మీరు పెంచలేకపోతే కుక్కని తనకే తిరిగివ్వాలని ఆవిడ ఒప్పందంలో రాసింది. మా మొదటి పిల్లని అమ్మినాయన ఫోన్ నంబరు మూడో నెలకే పనిచేయలేదు.

ఏడాది ఆగలేమంటే, జాతుల వారీగా రెస్క్యూ సంస్థలు (వదిలేసిన కుక్కల్ని చేరదీసి పెంపకానికి ఇచ్చేవి) ఉన్నాయి. పెద్ద కుక్క కాబట్టి దాని తుంటి ఎలా ఉందో, స్వభావం ఏమిటో అప్పటికే తెలిసిపోయి ఉంటుంది. పెడిగ్రీ ఇవ్వగలిగిన దానికన్నా అది గట్టి సమాచారం.

కొత్తగా వచ్చినవాళ్ళకి ఇంకొన్ని సంగతులు. జాతి ఎంచుకోకముందే అపార్ట్‌మెంట్ లీజు తీసి చూడండి. జర్మన్ షెపర్డ్, రాట్‌వీలర్, డాబర్‌మాన్, హస్కీ లాంటివాటిని చాలాచోట్ల ఒప్పుకోరు. వీసా వల్ల ఎప్పుడైనా తిరిగి వెళ్ళాల్సి రావచ్చనుకుంటే పగ్, ఫ్రెంచ్ బుల్‌డాగ్ లాంటి చప్పిముక్కు కుక్కల విషయంలో రెండుసార్లు ఆలోచించండి. వాటికి ఊపిరి ఇబ్బంది ఉంటుంది, చాలా విమానయాన సంస్థలు కార్గోలో తీసుకోవు. ఇండియా నుంచి పిల్లని తెచ్చుకుందామనుకునేవాళ్ళకి: 2024 ఆగస్టు 1 నుంచి ఆరు నెలలు నిండని కుక్కని అమెరికాలోకి రానివ్వరు. ఇండియా రేబిస్ ప్రమాదం ఎక్కువగా ఉన్న దేశాల జాబితాలో ఉంది కాబట్టి షరతులు ఇంకా ఎక్కువ. కొన్న వారంలోపే మీ సొంత డాక్టరుకి చూపించండి. జబ్బు పిల్లని అమ్మితే కొన్నవాళ్ళకి హక్కులిచ్చే చట్టం 20కి పైగా రాష్ట్రాల్లో ఉంది, కానీ డాక్టరు కాగితం గడువులోపల ఉండాలి.

ఇక మీ మాల్ పిల్ల సంగతి. ఇవాళే షాపుకి ఫోన్ చేసి తల్లీ తండ్రీ రిజిస్టర్డ్ పేర్లు, తల్లి పుట్టిన తేదీ అడగండి. ఇస్తే నాకు పంపండి, ఇద్దరం కూర్చుని ఓఎఫ్ఏలో చూద్దాం. ఇవ్వలేమంటే ఆ పిల్లని ఇంకోసారి చూడ్డానికి వెళ్ళకండి, ఎత్తుకున్నాక వదిలి రావడం చాలా కష్టం. శనివారం మా ఇంటికి రండి. మా రెండోది ఇప్పుడు ఆరేళ్ళది, మెట్లు ఎలా ఎక్కుతుందో మీరే చూద్దురు గాని.