ఒక్క పరీక్షకు సెమిస్టర్ తగ్గుతుందా?

ప్రశ్న: సార్, మా కొడుకు వాళ్లు టెక్సాస్‌లో ఉంటారు. మనవరాలు అక్కడ హైస్కూల్ పదకొండో తరగతిలో ‘ఏపీ కాలిక్యులస్ ఏబీ’ పరీక్ష రాస్తే 4 వచ్చింది. కాలేజీలో ఒక సెమిస్టర్ ఫీజు మిగిలినట్టే అని కొడుకు సంబరపడుతున్నాడు. స్కూల్లో చదివినదానికి కాలేజీలో తగ్గించడం ఏమిటో నాకు అంతుబట్టలేదు. నమ్మొచ్చా?
– ఒక నానమ్మ, మిర్యాలగూడ

జవాబు: నమ్మొచ్చమ్మా. కాకపోతే తగ్గేది సెమిస్టర్ కాదు, ఒక పేపరు, అంటే ఒక్క కోర్సు.

ఏపీ అంటే అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్. కాలేజీ మొదటి ఏడాది స్థాయి పాఠం స్కూల్లోనే చెబుతారు. మే నెలలో ‘కాలేజీ బోర్డు’ అనే సంస్థ పరీక్ష పెట్టి 1 నుంచి 5 దాకా స్కోరు ఇస్తుంది. అక్కడ నాలుగేళ్ల డిగ్రీకి మామూలుగా 120 క్రెడిట్లు (ఒక్కో కోర్సు పాసైతే లెక్కలో పడే పాయింట్లు) కావాలి, అంటే సెమిస్టర్‌కు 15. ఈ కాలిక్యులస్‌కు వచ్చేవి మూడో నాలుగో. ఇలాంటి పరీక్షలు నాలుగైదు పాసైతే మీ అబ్బాయి లెక్క కుదురుతుంది.

మన దగ్గరా ఇలాంటిది ఉంది. పాలిటెక్నిక్ పిల్లలు ఈసెట్ రాసి నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరతారు కదా. నల్లగొండలో నా దగ్గర ట్యూషన్ చదివిన అలాంటి పిల్లలు ల్యాబ్ పనిలో అందరికంటే ముందుండేవాళ్లు, మ్యాథ్స్ దగ్గరికొచ్చేసరికి తడబడేవాళ్లు. బీటెక్ మొదటి ఏడాది లెక్కలు వాళ్లు చేసి ఉండలేదు మరి.

మా అక్క మనవడు కూడా అమెరికాలో ఇలాంటి స్కోరుతోనే కాలేజీలో కాలిక్యులస్ వన్ వదిలేసి టూలో చేరాడు. నెల తిరక్కముందే తెల్లవారుజామున వీడియో కాల్ చేసి, కాగితం కెమెరాకు ఆనించి చూపించాడు. ఇంటిగ్రల్‌లో ఎక్స్ తీసి యూ పెట్టాడు, కింద 0, పైన 2 మాత్రం అలాగే ఉన్నాయి. అవి ఎక్స్‌కు ఉన్న లిమిట్లు (హద్దులు), యూ వచ్చాక మారాలి. వాడికి తెలియక కాదు. పరీక్ష రాసి ఏడాది దాటింది, మధ్యలో మ్యాథ్స్ ముట్టుకోలేదు. మూడు వారాలు రోజుకు పది లెక్కలు చేయించాను, అప్పుడు గాడిలో పడ్డాడు. ఆ పిల్లాడు పడ్డ టెన్షన్ చూశాక ఈ మాట గట్టిగా చెబుతున్నాను: పన్నెండో తరగతిలో మీ మనవరాలిని మ్యాథ్స్ మాననివ్వకండి. స్కూల్లో ఏబీకి పైమెట్టు అయిన కాలిక్యులస్ బీసీ ఉంటే తీసుకోమనండి. ఏబీలో లేని ఇంటిగ్రేషన్ బై పార్ట్స్, సిరీస్ అందులో ఉంటాయి. మంచి స్కోరు వస్తే చాలా కాలేజీల్లో రెండు సెమిస్టర్ల కాలిక్యులస్‌కు క్రెడిట్ దొరుకుతుంది.

క్రెడిట్ ఎంత ఇవ్వాలో తేల్చేది చేరే కాలేజీయే. టెక్సాస్ ప్రభుత్వ యూనివర్సిటీలు స్కోరు 3 వచ్చినా క్రెడిట్ ఇవ్వాలని 2015లో చట్టం చేశారు, ఫలానా కోర్సుకు అంతకంటే ఎక్కువ కావాలని యూనివర్సిటీ తేల్చితే తప్ప. ప్రైవేటువి కొన్ని 4 లేదా 5 అడుగుతాయి, కొన్ని అసలే ఇవ్వవు. స్కోరు కాలేజీ బోర్డు నుంచే వెళ్లాలి, ఇంట్లో తీసిన ప్రింటు చెల్లదు. కొన్నిచోట్ల స్కోరు చేరాక కూడా క్రెడిట్ కావాలని విద్యార్థే అడగాలి. ఆ అడిగే ముందు ఆ కాలేజీ కోర్సు పాత ఫైనల్ ప్రశ్నపత్రం ఒకటి ముందేసుకుని కూర్చోమనండి. సగం పైన చేయగలిగితే ఆ కోర్సు వదిలేయొచ్చు, లేకపోతే ఆ కోర్సు మళ్లీ చదవడమే మేలు.