స్కోపస్‌లో దొరక్కపోతే టాపిక్ మార్చేయాలా?

ప్రశ్న: మా అమ్మాయి ఎం.ఏ. చరిత్ర చదివింది. గోదావరి డెల్టా కాలువల మీద పీహెచ్‌డీ చేస్తానంటోంది. స్కోపస్ అనే పరిశోధన వ్యాసాల డేటాబేసులో వెతికితే నాలుగైదు పేపర్లు కూడా రాలేదట. "ఈ టాపిక్‌తో ఉద్యోగం రాదు" అంటున్నారు తెలిసినవాళ్లు. ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది. మార్చుకోమనాలా?
– ఓ తండ్రి, అమలాపురం

జవాబు: మార్చుకోమనకండి సార్. పంట కాలువలో వల వేసి, గోదాట్లో పులస లేదన్నట్టుంది ఆ మాట.

స్కోపస్‌ను 2004లో ఎల్సెవియర్ అనే ప్రచురణ సంస్థ మొదలుపెట్టింది. జర్నల్ ఏ భాషదైనా సరే, వ్యాసం పేరూ సారాంశమూ ఇంగ్లిష్‌లో ఉండాలన్నది దాని నియమం. సైన్సు, వైద్యం జర్నళ్లు అందులో దండిగా ఉంటాయి. చరిత్రకారులు ఎక్కువగా పుస్తకాలు రాస్తారు, అక్కడే దెబ్బ. కాటన్ దొర ఆనకట్ట నాటి ఇరిగేషన్ రిపోర్టులు, జిల్లా గెజిటీర్లు, తెలుగు పత్రికల వ్యాసాలు అందులో వెతికితే ఏం దొరుకుతాయి? పైగా స్పెల్లింగ్ గొడవొకటి. పాత రికార్డుల్లో ధవళేశ్వరం 'డి ఓ డబ్ల్యూ'తో మొదలవుతుంది. రాజమండ్రికీ రెండు పేర్లాయె. అన్ని రకాలుగా కొట్టి, పరిశోధన వ్యాసాలు వెతికిపెట్టే గూగుల్ స్కాలర్‌లోనూ చూడమనండి. అందులో చెత్త కూడా చేరుతుంది, ఏరుకోవాలి.

అలాగని స్కోపస్‌ను పక్కన పెట్టేయడానికీ లేదు. కేంద్ర ప్రభుత్వం కాలేజీలకూ యూనివర్సిటీలకూ ఇచ్చే ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకుల్లో పేపర్లను స్కోపస్, అలాంటిదే మరో డేటాబేసైన వెబ్ ఆఫ్ సైన్స్ నుంచే లెక్కిస్తారు. అందుకే కాలేజీలు అడుగుతాయి. 2022 యూజీసీ నిబంధనల్లో థీసిస్ ఇచ్చేముందు పేపరు తప్పనిసరి కాదు. అయినా మీ యూనివర్సిటీ ఏం అడుగుతుందో ముందే కనుక్కోండి. థీసిస్‌లో ఒక అధ్యాయాన్ని ఇంగ్లిష్‌లో పేపరుగా రాసి ఇండియన్ ఎకనామిక్ అండ్ సోషల్ హిస్టరీ రివ్యూ లాంటి జర్నల్‌కు పంపొచ్చు. అది స్కోపస్‌లో ఉంది. తిరిగి రావచ్చు, నెలలు పట్టొచ్చు. మొదటి ఏడాదే మొదలుపెడితే నయం. వాట్సాప్‌లో "డబ్బు కట్టండి, స్కోపస్ గ్యారంటీ" అనేవాళ్ల జోలికి మాత్రం పోనివ్వకండి. జర్నల్ పేరు స్కోపస్ సైట్‌లో ఉచితంగా చూసుకోవచ్చు. జాబితా నుంచి తీసేసిన జర్నళ్లూ ఉంటాయి.

ఇంకోటి, మనవాళ్లందరికీ వచ్చే చిక్కు. మనకు ఇంటిపేరు ముందుంటుంది, ఆ డేటాబేసుల్లో చివర వెతుకుతారు. ఒక పేపరులో ఇనీషియల్, ఇంకో దాంట్లో పూర్తి ఇంటిపేరు పెడితే ఒకే మనిషి ఇద్దరైపోయి, సైటేషన్లు, అంటే ఇతరులు ఆ పేపర్లను ఉదహరించిన లెక్క, చీలిపోతాయి. పెళ్లయ్యాక ఇంటిపేరు మారితే మరీను. మొదటి పేపరుకు ముందే ఒక రూపం ఖాయం చేసుకుని, ఆర్కిడ్ (ORCID) నంబరు, అంటే పరిశోధకులకిచ్చే గుర్తింపు సంఖ్య, తీసుకోమనండి. ఉచితమే, పది నిమిషాల పని.