ఒక్కసారి కొన్నారు, రోజూ ఫోన్ చేస్తున్నారు

ప్రశ్న: మాది బరంపురం. బట్టల షాపులకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ రాసి నాలుగేళ్లుగా అమ్ముతున్నాను. ఒక్కసారి 7,000 కడితే చాలన్నాను. 62 షాపులు తీసుకున్నాయి. 2025 సెప్టెంబరులో జీఎస్టీ రేట్లు మారినప్పుడు వారం రోజులు రాత్రి పదకొండు దాకా బడాబజార్‌లో షాపుషాపూ తిరిగి మార్చాను. రూపాయి రాలేదు. నెలకు 200 చొప్పున తీసుకోమంటున్నాడు తమ్ముడు. ఇంటికి నెలకు 25,000, పెట్రోలుకీ సర్వర్‌కీ 4,000 కావాలి. కంప్యూటర్ సెంటర్‌లో ఉద్యోగం మానేసి దీనిమీదే ఉండనా?

జవాబు: ఇప్పటిదాకా మీకొచ్చింది 4,34,000. నాలుగేళ్లకు పంచితే నెలకు 9,000 పైచిలుకు, అంతే. కొత్త షాపు దొరకని నెల రాబడి సున్నా. ఫోన్లు మాత్రం 62 షాపుల నుంచీ వస్తాయి. వెయ్యి దాటిన రెడీమేడ్ బట్టలకు 12 శాతం ఉండేది. సెప్టెంబరు 22 నుంచి 2,500 వరకు 5, ఆపైన 18 అయింది. ఇలాంటి మార్పు మళ్ళీ రాదని ఎవరు చెప్పగలరు?

మీ తమ్ముడి మాట సగం నిజం. ఏటా డబ్బు రావాలి, కానీ నెలనెలా వద్దు. 62 షాపులకు ఏడాదికి 744 వసూళ్లవుతాయి! ఆటోపే పెట్టినా, ఖాతాలో డబ్బులేక తిరిగొచ్చిన వాటి వెంట మీరే తిరగాలి. దసరాకి నవ్వుతూ ఇచ్చే షాపాయన ఆషాఢంలో 200 అడిగినా మొహం తిప్పుకుంటాడు. ఏడాదికోసారి, ఏప్రిల్ 1న తీసుకోండి. బిల్లు నంబర్లు కొత్త వరసలో మొదలయ్యే రోజు కదా, ఎలాగూ మీకే ఫోన్ చేస్తారు.

పాతవాళ్ళకిచ్చిన మాట తప్పొద్దు. కొన్నది కొన్నట్టే వాడుకోనివ్వండి. కొత్త మార్పులు, ఫోన్‌లో సాయం, షాపుకు రావడం కావాలంటే ఏడాదికి 2,400 అనండి. సాఫ్ట్‌వేర్ లాక్ చేసి అడిగారో, సాయంత్రానికల్లా బజారంతా తెలిసిపోతుంది. కొత్త షాపులకు మొదట్లో ఏమీ తీసుకోకుండా ఏడాదికి 4,800 పెట్టండి.

పాతవాళ్ళలో 45 మంది కట్టారనుకుందాం: 1,08,000. మీకు కావలసింది ఏడాదికి 3,48,000. మిగతా 2,40,000కి కొత్తగా 50 షాపులు కావాలి. మీరు ఏడాదికి పదిహేను దాకా పట్టుకుంటున్నారు, అంటే మూడేళ్ల పైమాటే. కాబట్టి ఉద్యోగం ఇప్పుడే మానకండి.

అటు ఇచ్ఛాపురం వైపు కూడా అడిగి చూడండి. రాష్ట్రం దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పదేమోనని టెన్షన్ పడక్కర్లేదు. ఇంటర్నెట్‌లో ఇచ్చే సాఫ్ట్‌వేర్ సేవ కిందికే వస్తుంది. మొత్తం రాబడి 20 లక్షల లోపుంటే అది తప్పనిసరి కాదు.

ఇంకొకటి. ఏప్రిల్‌లో లక్ష ఒకేసారి చేతికొస్తే బండి మార్చాలనిపిస్తుంది. ఆ డబ్బు వేరే ఖాతాలో వేసి నెలకు 9,000 మాత్రమే తీసుకోండి. వచ్చే మార్చిలో రాత్రిపూట ఫోన్ చేసే షాపాయన డబ్బు కూడా అందులోనే ఉంది.