కొత్త టాటూ పొట్టు లేస్తుంటే ఏం చేయాలి?

మీరు అడిగింది ఇదీ: ముంజేతికి టాటూ వేయించుకుని ఐదు రోజులైంది, పొట్టు లేస్తోంది, కడిగినప్పుడు పొట్టుతో పాటు రంగు కూడా ఊడిపోతున్నట్టుంది, దురద ఆగడం లేదు, అమ్మేమో పసుపు రాయమంటోంది, ఆదివారం స్నేహితులతో సూర్యలంక బీచ్‌కి వెళ్లాలి.

ముందు రంగు సంగతి. అది పోవడం లేదు, కంగారు పడకండి. సూది సిరాను పైచర్మం దాటించి కింది పొరలోకి, ఒకటి రెండు మిల్లీమీటర్ల లోతుకు దించుతుంది. దిగే దారిలో పైపొరలోనూ కొంత సిరా చిక్కుకుంటుంది. ఇప్పుడు ఊడుతున్నది ఆ పైపొరే, అందుకే పొట్టుకి రంగు ఉంది. కింద చేరిన సిరాను ఒంట్లోని రక్షక కణాలు మింగి అక్కడే పట్టుకుంటాయి. బొమ్మ నిలిచేది వాటి వల్లే. ఆరో రోజు వాష్‌బేసిన్‌లో నల్లటి తునకలు కనబడేసరికి నాకూ గుండె జారిపోయింది. పొట్టు పూర్తిగా రాలాక ఇంకో రెండు మూడు వారాలు బొమ్మ మసకగా, పైన పాలమీగడ కట్టినట్టు ఉంటుంది. కొత్త చర్మం ఇంకా కుదురుకోకపోవడం వల్ల అలా కనిపిస్తుంది. తర్వాత దానంతటదే తేటపడుతుంది.

నాది ఎడమ ముంజేతి మీద. మా అమ్మమ్మ చేతికి పచ్చబొట్టు ఉండేది: తులసికోట, దానికి అటు మూడు, ఇటు మూడు చుక్కలు. ఆవిడ పోయాక ఫోటోలోంచి గీయించుకుని అదే వేయించుకున్నాను. అది మే నెల, ఊరు గుంటూరు. మిగతాది మీరే ఊహించుకోండి, ఒళ్లంతా చెమటలు.

నేను చేసిన తప్పులు రెండు. మొదటిది అశ్రద్ధ వల్ల కాదు, అతిశ్రద్ధ వల్ల జరిగింది. ఎంత ఎక్కువ రాస్తే అంత త్వరగా మానుతుందనుకుని, ఇంట్లో ఉన్న యాంటీబయాటిక్ ఆయింట్‌మెంట్‌ను రోజుకు నాలుగైదుసార్లు మందంగా పట్టించాను. మూడో రోజుకి చుట్టూ చెమటకాయల్లాంటి ఎర్రటి పొక్కులు లేచాయి. ఆయింట్‌మెంట్ ఎక్కడిదాకా రాశానో ఎరుపూ సరిగ్గా అక్కడిదాకానే, గీత గీసినట్టు ఉంది. చర్మ వైద్యురాలు చూసి, ఇది ఇన్‌ఫెక్షన్ కాదు, మందు పడకపోవడం అన్నారు. మన ఇళ్లల్లో మామూలుగా కనిపించే ఇలాంటి ఆయింట్‌మెంట్లలో నియోమైసిన్, ఫ్రామైసెటిన్ లాంటివి ఉంటాయి. కొందరి చర్మానికి అవి పడవు. డాక్టరు రాసిస్తే తప్ప వాటి జోలికి వెళ్లకండి. డెటాల్, స్పిరిట్, హైడ్రోజన్ పెరాక్సైడ్ కూడా వద్దు. అవి క్రిములతో పాటు కొత్తగా పుడుతున్న చర్మాన్నీ మాడుస్తాయి.

రెండో తప్పు దుప్పటిది. నాలుగో రాత్రి కరెంటు పోయింది, ఉక్కకి దొర్లుతూ ఆ చేతి మీదే పడుకున్నాను. తెల్లారి చూస్తే రసి ఆరిపోయి దుప్పటి చేతికి అతుక్కుని ఉంది. నిద్రమత్తులో లాగేశాను. ఎడమవైపు మూడో చుక్క మీది పెచ్చు దుప్పటితోనే వచ్చేసింది. పెచ్చు కింద సగం పచ్చిగా గులాబీరంగులో కనిపించింది. బట్ట అతుక్కుంటే ఎప్పుడూ లాగకూడదు. దాని మీద గోరువెచ్చటి నీళ్లు పోసి తడుపుతూ ఉంటే, ఐదు నిమిషాలకి అదే వదులుతుంది. మీ టాటూ మీద పెచ్చు కట్టిన చోట్లు ఉంటే రాత్రిపూట ఉతికిన పాత నూలు బట్ట ఒకటి చేతి కింద పరుచుకోండి, రోజూ మార్చండి. ఇంకా ప్లాస్టిక్ చుట్టుకుంటూ ఉంటే ఆపేయండి. లోపల చెమట నిలిచిపోతుంది.

ఇక రోజూ చేయాల్సింది చాలా కొంచెం. పొద్దున ఒకసారి, పడుకోబోయే ముందు ఒకసారి కడగాలి. ముందు మీ చేతులు సబ్బుతో తోముకోండి, గోళ్ల సందులతో సహా. ఎండాకాలం మధ్యాహ్నం ట్యాంకు నీళ్లు కాలిపోతుంటాయి కదా, నేను బిందెలో పట్టి చల్లారనిచ్చేదాన్ని. వాసన లేని మెత్తటి సబ్బు అరచేతిలోనే నురగ చేసి, ఆ నురగతో టాటూ మీద నెమ్మదిగా నిమరండి. పీచు, స్క్రబ్బర్ వద్దు. జిగురు పోయేదాకా నీళ్లు పోయండి. ఒంటి తువాలుతో తుడవొద్దు, దాని పోగులు పెచ్చులకి పట్టుకుంటాయి. టిష్యూ అద్ది తీయండి. ఫ్యాను కింద పది నిమిషాలు ఆరనివ్వండి. తర్వాత వాసన లేని మాయిశ్చరైజర్ శనగగింజంత తీసుకుని, అంతా పల్చగా పరవండి. రాశాక చర్మం నిగనిగలాడుతోందంటే ఎక్కువైనట్టే, టిష్యూతో అద్ది తీసేయండి. అంతే.

దురద ఈ వారంలోనే బాగా ఎక్కువగా ఉంటుంది. గోకొద్దు, పొట్టు పీకొద్దు, సగం ఊడి వేలాడుతున్నా సరే. నేను అరచేత్తో మెల్లగా తట్టేదాన్ని. చన్నీళ్లలో ముంచి పిండిన శుభ్రమైన బట్ట రెండు నిమిషాలు వేస్తే ఇంకా హాయి. గాజులు, వాచీ, బిగుతు చేతుల చొక్కా కొన్నాళ్లు ఆ చేతికి వద్దు. బండి మీద వెళ్లేటప్పుడు వదులుగా ఉండే నూలు ఫుల్ హ్యాండ్స్ వేసుకోండి, దుమ్మూ ఎండా రెండూ తగలవు. సన్‌స్క్రీన్ పచ్చిగాయం మీద రాయకూడదు. పూర్తిగా మానాక మాత్రం ఎండలోకి వెళ్లే ప్రతిసారీ రాయండి. రంగు వెలిసిపోవడానికి ముఖ్యమైన కారణాల్లో ఎండ ఒకటి.

పసుపు సంగతి. మీ అమ్మగారి మాట వెనక తరాల అలవాటు ఉంది, దాన్ని తేలిగ్గా తీసేయలేం. పచ్చబొట్టు పొడిపించుకున్నాక పసుపు, నూనె కలిపి పూసేవారని మా అమ్మమ్మే చెప్పేది. కానీ వంటింటి డబ్బాలో పసుపు శుభ్రం చేసిన మందు కాదు, రోజూ తడి చెంచా పడే పొడి. పెచ్చుల్లో ఇరుక్కుంటే మళ్లీ కడగడానికి రుద్దాలి. పైగా అంతా పచ్చగా ఉంటే కింద ఎరుపు పెరుగుతోందో తగ్గుతోందో కనబడదు. నాకు అదే పెద్ద ఇబ్బందిగా అనిపించింది. మా అమ్మ కూడా పట్టుబట్టింది. దుప్పట్లు ఉతికే పని తనకి అప్పజెప్పాను, రోజూ వేడినీళ్లలో నానబెట్టి ఉతికి ఎండలో ఆరేసింది. కొబ్బరినూనె కూడా పొట్టు పూర్తిగా రాలేదాకా పక్కన పెట్టండి, మన చెమటకి తోడై రంధ్రాలు మూసుకుపోతాయి.

సూర్యలంక ప్రయాణం వాయిదా వేయండి, లేదా వెళ్లినా నీళ్లలో దిగకండి. ఇది ఊరికే చెప్పడం లేదు. 2017లో ఒక వైద్య పత్రికలో వచ్చిన కేసు ఉంది: 31 ఏళ్ల మనిషి, కాలికి టాటూ వేయించుకుని సరిగ్గా ఐదు రోజులకి గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో ఈత కొట్టాడు. వెచ్చటి ఉప్పునీళ్లలో ఉండే విబ్రియో వల్నిఫికస్ అనే బ్యాక్టీరియా సోకి చివరికి ప్రాణం పోయింది. అతనికి అప్పటికే కాలేయం దెబ్బతిని ఉంది, అందుకే అంత ముదిరింది. అందరికీ అలా జరగదు. కానీ మానని గాయంతో సముద్రంలోకైనా, చెరువులోకైనా, స్విమ్మింగ్ పూల్‌లోకైనా దిగొద్దు. పొట్టంతా రాలి చర్మం నున్నబడేదాకా, అంటే మామూలుగా మూడు నాలుగు వారాలు ఆగాలి. స్నానం పర్వాలేదు, నానబెట్టడమే వద్దు.

డాక్టరు దగ్గరికి ఎప్పుడు వెళ్లాలంటే: మొదటి రెండు మూడు రోజుల ఎరుపు, వాపు తగ్గకుండా రోజురోజుకీ పాకుతుంటే, చీము పడితే, ముట్టుకుంటే కాలుతుంటే, జ్వరం వస్తే, చంకలో బిళ్ల కడితే, ఎర్రటి చార పైకి పాకుతుంటే ఆ రోజే వెళ్లండి, మర్నాటిదాకా ఆగొద్దు. షుగర్ ఉన్నవాళ్లు ఇంకా ముందే వెళ్లాలి. కొన్ని వారాలు గడిచాక గట్టి ఎర్రటి గుల్లలు లేచినా చూపించుకోవాలి. సిరాలోనో, దాన్ని పలచన చేసిన నీళ్లలోనో ఉండే ఒక రకం బ్యాక్టీరియా అంత ఆలస్యంగా బయటపడుతుంది. ఎర్రరంగు పడకపోయినా ఆ రంగున్న చోటే ఉబ్బి దురద పెడుతుంది.

ఇంకొకటి, మీరు రక్తదానం చేసేవాళ్లయితే టాటూ తర్వాత 12 నెలలు ఆగాలి. క్యాంపులో అడిగినప్పుడు దాచకండి.

ఎక్కడైనా రంగు లేచిపోతే ఇప్పుడే దిద్దించుకోవాలని తొందరపడకండి. పైకి మానినట్టున్నా లోపల మానడానికి రెండు మూడు నెలలు పడుతుంది. నేను మూడు నెలలు ఆగి, ఆ మూడో చుక్కని మళ్లీ పెట్టించుకున్నాను. మిగతా ఐదింటికన్నా కొంచెం లేతగా ఉంటుంది, వెలుతురులోకి చేయి తిప్పితేనే తెలుస్తుంది.